చూపు కోసం కాలిన చేతులు

పుదుచ్చేరి ఊరి చివర, గోరిమేడులో, జిప్మర్ ఆసుపత్రి ఉంది. 1823లో ఫ్రెంచివాళ్లు పెట్టిన వైద్య పాఠశాల వారసత్వం దానిది. 1964లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ చేతుల మీదుగా ఇప్పటి పేరుతో మొదలైంది. విల్లుపురం, కడలూరు జనంతో పాటు, ఎక్కడో గోదావరి పాయ ఒడ్డున ఉన్న యానాం నుంచి తెలుగువాళ్లు కూడా వైద్యం కోసం రైలెక్కి అక్కడికి వస్తారు.

అలాంటి ఆసుపత్రిలో గుండెకు గొట్టం వేసే గదిని క్యాథ్ ల్యాబ్ అంటారు. రోగి బల్ల మీద పడుకుంటాడు. మత్తు చేతి వరకే, మనిషి మెలకువగానే ఉంటాడు. మణికట్టు దగ్గరి నాళంలోంచి సన్నని తీగ లోపలికి వెళ్తుంది. డాక్టరు కాలి దగ్గర ఒక పెడల్ ఉంటుంది. దాన్ని నొక్కి ఉంచినంతసేపూ బల్ల కిందున్న ట్యూబులోంచి ఎక్స్ కిరణాలు పుట్టి, రోగి ఒంట్లోంచి పైకి దూసుకుపోయి, ఛాతీకి పైనున్న పలకను తాకుతాయి. ఎదుటి తెర మీద గుండె కొట్టుకోవడం, తీగ కదలడం, మందు ఎక్కించినప్పుడు నాళాలు నల్లగా తేలడం కనిపిస్తాయి. పెడల్ వదిలితే కిరణం ఆగిపోతుంది. పూడుకుపోయిన నాళం తెరుచుకుని నెత్తురు మళ్లీ పారడం ఆ తెర మీద కళ్లారా చూసినవాళ్లకు, ఈ చూపు ఎంత గొప్ప వరమో ఒకరు చెప్పక్కర్లేదు.

పుస్తకాల్లో దీని పేరు ఫ్లోరోస్కోపీ. ఆసుపత్రి వాళ్ల నోట స్క్రీనింగ్. విరిగిన తొడ ఎముకలో రాడ్డు దించేటప్పుడు, కిడ్నీలో రాయి తీసేటప్పుడు, బేరియం తాగించి అన్నవాహిక చూసేటప్పుడు, మెదడు రక్తనాళంలో ఉబ్బును మూసేటప్పుడు, అన్నిటికీ ఇదే కన్ను. ఈ కన్ను మనకు దక్కేలోపు ఎందరో వేళ్లు పోగొట్టుకున్నారు, చేతులు పోగొట్టుకున్నారు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో డాక్టర్లతో పాటు గాజు ఊదేవాళ్లున్నారు, జమాఖర్చులు రాసే ఉద్యోగినులున్నారు, ఆసుపత్రిలో జీతానికి కుదిరిన సాంకేతికులున్నారు. వాళ్లెలా కూలిపోయారో తెలుసుకోకుండా ఆ పెడల్ మీద కాలు పెట్టడం కృతఘ్నత అని నా నమ్మకం. అందుకే ఈ కథ.

1895 నవంబరు 8 సాయంత్రం, జర్మనీలోని వుర్ట్స్‌బర్గ్‌లో, విల్‌హెల్మ్ రాంట్‌జెన్ చీకటి గదిలో ఒక గాజు గొట్టంలోకి విద్యుత్తు పంపుతున్నాడు. గొట్టానికి నల్లని అట్ట చుట్టి ఉంది. అయినా దూరంగా ఉన్న రసాయనం పూసిన తెర మిణుకుమంది. తన భార్య చేతి ఎముకల ఫోటో ఆయన ఆ తరువాత డిసెంబరులో తీశాడు. ప్రపంచం ముందుగా చూసింది ఆ ఫోటోనే. రాంట్‌జెన్ మాత్రం ముందుగా చూసింది అప్పటికప్పుడు వెలిగిన తెరనే. అంటే ఎక్స్ కిరణం పుట్టుకే ఫ్లోరోస్కోపీతో జరిగింది.

ఆ వార్త అమెరికాకు చేరగానే థామస్ ఎడిసన్ దాని మీద పడ్డాడు. ఏ పదార్థం పూస్తే తెర బాగా వెలుగుతుందో తెలుసుకోవడానికి వేల రసాయనాలు పరీక్షింపజేసి, చివరికి కాల్షియం టంగ్‌స్టేట్‌ను పట్టుకున్నాడు. కళ్లకు ఆనించుకుని చూసే ఒక పెట్టె తయారైంది. 1896 మే నెలలో న్యూయార్కులో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో జనం బారులు తీరారు. పెట్టెలో కళ్లు పెట్టి, తమ చేతి ఎముకలు తామే చూసుకుని, నోరు తెరిచి నిలబడిపోయారు. మామూలు జనానికి, బతికుండగానే తమ ఎముకలను తాము చూసుకోవడం అప్పటికి కొత్త.

ఆ పెట్టె వెనక పని చేసిన చేతులు క్లారెన్స్ డాలీవి. 1865లో పుట్టాడు. కొన్నాళ్లు నౌకాదళంలో పనిచేసి, ఎడిసన్ దగ్గర గాజు ఊదే పనిలో చేరాడు. తండ్రిదీ అదే పని. గొట్టం సరిగా తయారైందో లేదో తేల్చడానికి అప్పట్లో కొలిచే పరికరం ఏదీ లేదు. గొట్టానికీ తెరకూ మధ్య చేయి పెట్టడమే పరీక్ష. ఎముకలు స్పష్టంగా కనిపిస్తే గొట్టం మంచిది. డాలీ రోజూ పదేపదే అలా చేయి పెట్టేవాడు. ఎక్కువగా ఎడమ చేయి. అది ఎర్రబడి, మండి, పనికి మొరాయించడం మొదలుపెట్టాక కుడి చేయి పెట్టాడు.

ముందు తల వెంట్రుకలు, కనుబొమలు, రెప్పల వెంట్రుకలు రాలాయి. ముఖం మీద ముడతలు పడ్డాయి. చేతులు వాచాయి. మంట భరించలేక రాత్రిళ్లు చేతులు నీళ్లలో పెట్టుకుని నిద్రపోయేవాడు. పని మాత్రం మానలేదు. 1901 సెప్టెంబరులో బఫెలో నగరంలో అధ్యక్షుడు మెకిన్లీ మీద కాల్పులు జరిగాయి. పొట్టలో చిక్కుకున్న తూటాను వెతకడానికి ఎడిసన్ పంపిన ఎక్స్-రే యంత్రం వెంట వెళ్లినవారిలో డాలీ ఒకడు. తన ఒంట్లో ఏం జరుగుతున్నదో తెలియని మనిషి, దేశాధ్యక్షుడి ఒంట్లోకి చూడడానికి పరిగెత్తాడు. ఆ యంత్రాన్ని అక్కడి వైద్యులు వాడనే లేదు. అధ్యక్షుడు చనిపోయాడు. డాలీ ఇంటికి తిరిగొచ్చాడు.

కాలి చర్మం తీసి చేతులకు అతికించారు, అది నిలవలేదు. పుండు మానకుండానే క్యాన్సరుగా మారింది. 1902లో ఎడమ చేతిని మణికట్టు పైన తీసేశారు. తరువాత కుడి చేతి వేళ్లు. ఆ తరువాత కత్తి రెండు చేతులనూ ఇంకా పైకి, ఇంకా పైకి కోసుకుంటూ పోయింది. గాజును పువ్వుగా ఊదగలిగిన మనిషికి అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడానికి చేతులు లేకుండా పోయాయి. 1904 అక్టోబరులో, 39 ఏళ్లకే కన్నుమూశాడు. భార్య, ఇద్దరు కొడుకులు మిగిలారు.

పని చేయలేని స్థితిలోనూ ఎడిసన్ అతనికి జీతం ఆపలేదు. అంతకు మించి చేయగలిగిందీ లేదు. ఎడిసన్ కంటిచూపు కూడా అప్పటికి దెబ్బతింది. 1903లో ఒక పత్రికా విలేకరి అడిగితే, ఎక్స్ కిరణాల సంగతి తన దగ్గర ఎత్తవద్దనీ, అవంటే తనకు భయమనీ చెప్పాడు. దేనికీ జంకని ఆ పరిశోధకుడు వెనక్కి తగ్గిన అరుదైన సందర్భం అది.

పరీక్షిత్తు కథ మనకు తెలిసిందే. రాజు చేతికి అందిన పండులో చిన్న పురుగు ఉంది, ఆ పురుగే తక్షకుడు. డాలీ తరం చేతికి అందిన కానుకలోనూ మృత్యువు అంత నిశ్శబ్దంగానే కూర్చుంది. ఎక్స్ కిరణం తగిలినప్పుడు వేడి తెలియదు, నొప్పి తెలియదు, వాసన ఉండదు. నిప్పు అయితే తాకగానే చేయి వెనక్కి లాక్కుంటాం, ఈ కిరణానికి ఒంట్లో అలాంటి కాపలా లేదు. అది కణం లోపలి జన్యు పదార్థాన్ని చీలుస్తుంది. పై చర్మం అప్పటికి బాగానే ఉంటుంది. కింద, కొత్త చర్మాన్ని పుట్టించే పొరలో కణాలు చచ్చిపోతాయి. పాత చర్మం రాలి కొత్తది రావలసిన రోజున, ఎన్నో రోజుల తరువాతో వారాల తరువాతో, గాయం బయటపడుతుంది. చావకుండా చెడిపోయి మిగిలిన కణం ఏళ్ల తరబడి ఓపిక పట్టి క్యాన్సరవుతుంది. కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉంటే, మంచివాడూ మోసపోతాడు, తెలివైనవాడూ మోసపోతాడు.

అయినా, ఎవరూ హెచ్చరించలేదని అనడానికి లేదు. ఈ గాథలో అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. 1896లోనే ఎలిహు థామ్సన్ అనే శాస్త్రవేత్త తన ఎడమ చిటికెన వేలిని కొన్ని రోజుల పాటు, రోజుకు అరగంట చొప్పున, కావాలని కిరణాల ముందు పెట్టాడు. వేలు వాచి, బొబ్బలెక్కింది. ఆ సంగతిని అచ్చులో పెట్టాడు. 1901లో బోస్టన్ దంతవైద్యుడు విలియం రోలిన్స్, ఎక్స్ కిరణాలు పడిన గినీ పందులు చచ్చిపోతాయని రుజువు చేశాడు. గొట్టాన్ని కిరణాలు దాటలేని డబ్బాలో పెట్టండి, అవసరమైన మేరకే కిరణాన్ని బయటికి వదలండి, చూసే మనిషి సీసం కలిసిన కళ్లద్దాలు పెట్టుకోవాలి, రోగి ఒంట్లో అక్కర్లేని భాగాన్ని కప్పండి అని రాశాడు. ఇవాళ ప్రతి క్యాథ్ ల్యాబ్ గోడ మీద ఉండే నియమాలు దాదాపు అవే. డాలీ బతికుండగానే అవి అచ్చయ్యాయి. కానీ ఆ కొత్త వెలుగు మోజులో దంతవైద్యుడి మాట ఎవరి చెవికీ ఎక్కలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎలిజబెత్ ఫ్లైష్‌మన్ అనే యువతి జమాఖర్చుల ఉద్యోగం వదిలి ఎక్స్-రే నేర్చుకుంది. ఫిలిప్పీన్స్ యుద్ధం నుంచి ఓడల్లో వచ్చిన సైనికుల ఒంట్లో తూటాలు ఎక్కడున్నాయో చూపించి ఎందరినో కాపాడింది. ఆమె తీసిన చిత్రాలను సైనిక వైద్యులు మెచ్చుకున్నారు. 1905 మొదట్లో ఆమె కుడి చేతిని తీసేశారు. ఆ ఏడాది ఆగస్టులో చనిపోయింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో జాన్ హాల్-ఎడ్వర్డ్స్ 1908లో ఎడమ చేతిని పోగొట్టుకున్నాడు.

ఫ్రాన్స్ కథ ఇంకా బరువైనది. పుదుచ్చేరిలో కూర్చుని ఈ కథ చెప్పేవారికి అది దూరదేశపు వార్త కాదు. ఈ ఊరికి 1954 దాకా వైద్యం, చదువు, చట్టం అన్నీ పారిస్ నుంచే వచ్చాయి. ఆ పారిస్ ఆసుపత్రుల్లో, సాల్పెట్రియేర్‌లో షార్ల్ ఆంఫ్రుఆ, లారిబ్వాజియేర్‌లో షార్ల్ వయాఁ ఎక్స్-రే విభాగాలు నడిపారు. ఆంఫ్రుఆ చేతుల మీద కత్తి ఎన్నిసార్లు పడిందో. ఒక ఆపరేషన్‌కూ మరో ఆపరేషన్‌కూ మధ్య మళ్లీ అదే గదికి వెళ్లి పని చేశాడు. 1920లో చనిపోయాడు. వయాఁకు ముందు వేళ్లు, తరువాత చేతులు పోయాయి.

బోర్డోలో ఝాఁ బెర్గోనియే ఉన్నాడు. త్వరత్వరగా విభజన చెందే కణాల మీదే కిరణాల దెబ్బ ఎక్కువగా పడుతుందనే సూత్రాన్ని 1906లో ట్రిబోండోతో కలిసి చెప్పింది ఆయనే. క్యాన్సరుకు కిరణ చికిత్స నిలబడింది ఆ పునాది మీదే. ఆ సూత్రానికి ఆయన చేతులే సాక్ష్యమయ్యాయి. వేళ్లు పోయాక, 1922లో కుడి చేయి మొత్తం తీసేశారు. ఊపిరి ఉన్నంతవరకు పనిచేసి, 1925 జనవరిలో కన్నుమూశాడు. కిరణం ఏ కణాన్ని ఎందుకు కొడుతుందో లోకానికి చెప్పిన మనిషిని అదే కిరణం అదే పద్ధతిలో కొట్టింది.

పుదుచ్చేరి సముద్రపు ఒడ్డున, గోబెర్ అవెన్యూలో, గాంధీ విగ్రహానికి ఎదురుగా ఫ్రెంచి యుద్ధ స్మారకం ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ పక్షాన పోరాడి మరణించిన ఇక్కడి వారి కోసం కట్టింది. ఏటా జూలై 14కు దానికి దీపాలు పెడతారు. ఆ యుద్ధంలోనే ఫ్లోరోస్కోపీ ఆసుపత్రి గోడలు దాటి రణరంగానికి వెళ్లింది. గాయపడినవాడి ఒంట్లో ఇనప ముక్క ఎక్కడుందో వెలిగే తెర మీద చూస్తూనే సర్జన్లు చేయి పెట్టి తీసేవారు. మేరీ క్యూరీ సుమారు 20 మోటారు బండ్లలో యంత్రాలు అమర్చి యుద్ధ క్షేత్రానికి పంపింది. రెండు వందల దాకా స్థిరమైన ఎక్స్-రే కేంద్రాలు ఏర్పాటు చేయించింది. ఆ పనికి నూట యాభై మంది దాకా స్త్రీలకు తర్ఫీదు ఇచ్చింది. తానూ బండి ఎక్కింది. యుద్ధం మొదలైనప్పుడు పదహారేళ్ల పిల్ల అయిన కూతురు ఐరీన్‌నూ తీసుకెళ్లింది. ఆ ఏర్పాట్ల వల్ల పది లక్షలకు పైగా పరీక్షలు జరిగాయి.

1934లో మేరీ రక్తహీనతతో చనిపోయింది. ఎముక మజ్జ కొత్త నెత్తురు చేయడం మానేసింది. రేడియమే చంపిందని లోకం అనుకుంది. 1995లో ఆమె అవశేషాలను పారిస్‌లోని పాంథియోన్‌కు తరలించేముందు ఫ్రాన్స్ నిపుణులు పరీక్షించారు. శవపేటికలో రేడియం జాడ అనుకున్నంత లేదు. యుద్ధ కాలపు ఎక్స్-రే పనే ఎక్కువ కారణమై ఉండవచ్చని వాళ్లు అభిప్రాయపడ్డారు. ఐరీన్ 1956లో రక్త క్యాన్సరుతో పోయింది. యుద్ధంలో తూటా తగిలి చచ్చినవాళ్ల కోసం రాళ్లు నిలబెట్టుకున్నాం. ఆ తూటాను వెతుకుతూ, కిరణాలతో పనిచేస్తూ మెల్లగా చచ్చినవాళ్ల కోసం హాంబర్గ్‌లో, సెయింట్ జార్జ్ ఆసుపత్రి తోటలో, 1936 ఏప్రిల్‌లో ఒక రాయి నిలబెట్టారు. మొదటి రోజు దాని మీద 169 పేర్లు. 1959 నాటికి ఆ జాబితా 350 దాటింది.

పని చేసేవాళ్లు మేల్కొన్నారు. 1928లో స్టాక్‌హోమ్‌లో, కిరణాల నుంచి కాపాడుకోవడానికి, అంతర్జాతీయ రక్షణ సంఘం ఏర్పడింది. సీసపు తొడుగులు వచ్చాయి. కానీ ఈలోగా రెండో పతనం మొదలైంది. ఈసారి కూలినవాళ్లు రోగులు.

స్ట్రెప్టోమైసిన్ రాకముందు క్షయ రోగికి ఊపిరితిత్తి చుట్టూ గాలి ఎక్కించి, దాన్ని కుంగదీసి విశ్రాంతి ఇచ్చేవారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం పేరు విన్న తెలుగువాళ్లకు ఆ మందులేని కాలం కొంతైనా ఊహకు అందుతుంది. గాలి ఎక్కించిన ప్రతిసారీ స్క్రీనింగ్. వారానికో రెండు వారాలకో ఒకసారి, నెలలు, ఏళ్లు. కొందరు స్త్రీలకు వందల సార్లు. క్షయ తగ్గింది. ఇంటికి వెళ్లారు, పిల్లల్ని కన్నారు. ఏళ్ల తరువాత రొమ్ము క్యాన్సరు వచ్చింది. 1965లో కెనడాలోని నోవాస్కోషియాలో ఇయాన్ మెకెంజీ అనే వైద్యుడు ఈ రెండిటినీ కలిపి చూశాడు. తరువాతి పరిశోధనలు ఇంకో సంగతి తేల్చాయి. నోవాస్కోషియాలో రోగులను ట్యూబు వైపు ముఖం పెట్టి నిలబెట్టేవారు. మిగతా చాలా చోట్ల వీపు పెట్టి నిలబెట్టేవారు. వీపు పెట్టినవారికన్నా ముఖం పెట్టినవారిలో ముప్పు చాలా ఎక్కువైంది. మనిషిని అటు తిప్పి నిలబెట్టడానికి కాణీ ఖర్చు లేదు. ఆ చిన్న పని ఎన్ని ఇళ్లలో దీపం నిలిపేదో తలచుకుంటే గుండె బరువెక్కుతుంది.

అదే కాలంలో అమెరికా, యూరప్ చెప్పుల దుకాణాల్లో పిల్లల పాదాలను ఫ్లోరోస్కోప్‌లో పెట్టి బూటు సరిపోయిందో లేదో చూపించేవారు. సరదాకు మళ్లీ మళ్లీ పెట్టేవారు. 1957లో పెన్సిల్వేనియా వాటిని నిషేధించింది. అప్పటికి ఆ యంత్రం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. డాలీ పోయి యాభై ఏళ్లు దాటింది. ఏ అవసరమూ లేని చోట కిరణం వాడకూడదనే తొలి పాఠం నేర్చుకోవడానికి లోకానికి అంత కాలం పట్టింది.

ఇక స్టెంట్ల కాలం. కత్తి పెట్టకుండా గుండెను బాగుచేసే ఈ విద్య లక్షల ప్రాణాలు నిలిపింది. దాన్ని తప్పుపట్టే మాట నా నోట రాదు. కానీ కష్టమైన కేసుల్లో గంటల తరబడి పెడల్ నొక్కి ఉంచవలసి వచ్చింది, అదీ ఒకే కోణంలో, వీపులో ఒకే చోట. మామూలు ఒంటికి స్క్రీనింగ్ చర్మం మీద నిమిషానికి సుమారు 20 మిల్లీగ్రే మోతాదు వేస్తుంది. లావుపాటి ఒంటికి, వాలుగా పెట్టిన కోణానికి, ఎక్కువ శక్తి పద్ధతికి అది పదింతలు కావచ్చు. రెండు గ్రేలు దాటితే చర్మం ఎర్రబడవచ్చు. పదిహేను దాటితే చర్మం చచ్చి లోతైన పుండు పడవచ్చు. ఇలాంటి గాయాలు పెరిగాకే 1994 సెప్టెంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ వైద్యులందరికీ హెచ్చరిక పంపింది.

ఈ గాయం ఆ రోజు కనిపించదు. డిశ్చార్జి రోజునా కనిపించదు. రెండు మూడు వారాల తరువాత వీపు మీద, నలుచదరంగా, ఎర్రగా తేలుతుంది. గోరిమేడు లాంటి పెద్దాసుపత్రిలో వైద్యం చేయించుకుని యానాం వెళ్లిపోయిన మనిషికి అలాంటిది జరిగితే, అక్కడి డాక్టరుకు అది గజ్జిగానో పడక పుండుగానో కనిపించవచ్చు. గుండెకు వేసిన స్టెంట్‌కూ వీపు మీది పుండుకూ సంబంధం ఉందని ఎవరికి తడుతుంది? కనుక ఎక్కువ మోతాదు పడిన రోగికి ఆ సంగతి చెప్పి పంపడం, వీపు చూసుకోమని ఇంట్లోవాళ్లకు చెప్పడం, కాగితం మీద మోతాదు రాసి ఇవ్వడం వైద్యంలో భాగం. యంత్రమే ఆ అంకెను తెర మూల చూపిస్తుంది. చూపించిన అంకెను రాయకపోవడానికి సాకు లేదు.

మూడో పతనం మెల్లగా కళ్ల మీదికి వచ్చింది. రోగి ఒంటికి తగిలిన కిరణాల్లో కొన్ని చెదిరి నలుదిక్కులకూ పోతాయి. బల్ల పక్కన నిలబడిన డాక్టరుకు, నర్సుకు, టెక్నీషియనుకు తగిలేవి ఇవే. 2008 నుంచి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ గుండె వైద్యుల సమావేశాల్లో వాళ్ల కళ్లనే పరీక్షించింది. మన దేశం నుంచి వెళ్లిన మదన్ రెహానీ ఆ పనిని నడిపించినవారిలో ముఖ్యుడు. బొగోటాలో పరీక్షించిన డాక్టర్లలో మూడో వంతుకు పైగా మందికి కంటి కటకం వెనక మచ్చలు కనిపించాయి. ఈ పని చేయనివారిలో అది అంతకంటే ఎంతో తక్కువ. 2011లో అంతర్జాతీయ రక్షణ సంఘం కంటికి ఏటా 150 మిల్లీసీవర్ట్‌లుగా ఉన్న పరిమితిని, ఐదేళ్ల సగటున 20కి దించింది. ఇతరుల గుండె చూపించే కళ్లు తమ చూపు పోగొట్టుకుంటున్నాయని తెలియడానికి నూటపదిహేనేళ్లు పట్టింది.

మన దేశంలో 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. 2004లో రేడియేషన్ రక్షణ నియమాలు వచ్చాయి. కిరణాల మధ్య పనిచేసేవారికి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మించకూడదని హద్దు. ఛాతీ దగ్గర, సీసపు ఆప్రాన్ లోపల, టీఎల్‌డీ బ్యాడ్జి పెట్టుకోవాలి. మూడు నెలలకొకసారి దాన్ని చదివి మోతాదు చెబుతారు. కాగితం మీద అంతా ఉంది. కానీ బ్యాడ్జి లాకర్లో వేలాడుతుంటే అది లాకరుకు తగిలిన మోతాదునే చెబుతుంది. ఆప్రాన్‌ను మడిచి కుర్చీ మీద పడేస్తే లోపలి సీసం పగులుతుంది. పగులు పైకి కనిపించదు, కిరణానికి మాత్రం కనిపిస్తుంది.

అన్నిటికన్నా నా భయం ఎముకల ఆపరేషన్ థియేటర్ల గురించి. క్యాథ్ ల్యాబ్‌లో సీసపు గాజు తెర పైనుంచి వేలాడుతుంది, బల్లకు సీసపు పరద ఉంటుంది. సి-ఆర్మ్ అనే కదిలే ఎక్స్-రే యంత్రంతో నడిచే ఎముకల ఆపరేషన్‌లో ఆ రెండూ సాధారణంగా ఉండవు. రాడ్డును పట్టుకున్న సర్జన్ చేయి తెర మీద, విరిగిన ఎముక పక్కనే, వేళ్లతో సహా కనిపిస్తుంది. 1896లో గొట్టం పరీక్షించడానికి డాలీ పెట్టిన చేయి అచ్చంగా అక్కడే ఉంది. ఆ చేయి తెర మీద కనిపించిందంటే కిరణం దాన్ని దాటుకుని వెళ్తున్నదని అర్థం. దాన్ని చూసి ఎవరో ఒకరు ‘చేయి తీయండి సార్’ అనాలి. అనగలిగే చనువు ఆ గదిలో ఉండాలి.

ఏం చేయాలో తెలుసు. అందులో ఖరీదైనది ఏదీ లేదు. తెరను చూస్తున్నప్పుడే పెడల్ నొక్కాలి, చూపు తిప్పితే కాలు తీసేయాలి. చివరి బొమ్మ తెర మీద నిలిచే ఉంటుంది, దాన్ని చూస్తూ ఆలోచించవచ్చు. సెకనుకు ముప్పై బొమ్మలు అక్కర్లేని చోట పదిహేనో ఏడున్నరో చాలు. ట్యూబును రోగికి వీలైనంత దూరంగా, పైనున్న పలకను వీలైనంత దగ్గరగా ఉంచాలి. కిరణాన్ని చూడవలసిన జాగా మేరకే కుదించాలి. బొమ్మను పెద్దది చేసే బటన్ నొక్కిన ప్రతిసారీ మోతాదు పెరుగుతుందని గుర్తుండాలి. పొడుగు కేసులో కోణం మారుస్తూ ఉండాలి, ఒకే చర్మం అంతా భరించకుండా. పని లేనివాళ్లు ఒక అడుగు వెనక్కి వేయాలి. మీటరు దూరం రెండు మీటర్లయితే తగిలేది నాలుగో వంతు. మెడకు థైరాయిడ్ పట్టీ, కళ్లకు సీసపు అద్దాలు అలంకారాలు కావు. గర్భిణి అయిన నర్సు ఆ సంగతి భయపడకుండా చెప్పగలగాలి, చెప్పిన రోజు నుంచే ఆమె డ్యూటీ మారాలి.

రోగి అడగవలసినవీ ఉన్నాయి. ఈ పరీక్ష నాకు నిజంగా అవసరమా? ఇంతకుముందు చేసినది పనికిరాదా? నాకు ఎంత మోతాదు పడింది, రాసి ఇస్తారా? ఈ ప్రశ్నలు అడిగితే డాక్టరుకు కోపం వస్తుందని మనవాళ్లు భయపడతారు. మంచి డాక్టరుకు రాదు. భయంతో అవసరమైన యాంజియోగ్రాం మానుకోవడమూ తప్పే. పూడుకుపోయిన గుండె నాళం ఇవాళే చంపుతుంది, ఆ ముప్పు ముందు కిరణపు ముప్పు చాలా చిన్నది. ఉండవలసింది భయం కాదు, లెక్క.

డాలీకి తెలియదు. ఆంఫ్రుఆకు సగం తెలుసు. బెర్గోనియేకు అంతా తెలుసు, కానీ అప్పటికే ఆలస్యమైంది. మనకు మొదటి నుంచీ తెలుసు. ఆ జ్ఞానాన్ని వాళ్లు వేళ్లతో, చేతులతో, ఆయుష్షుతో కొని మనకు ఇచ్చి వెళ్లారు. తెలిసి కూడా బ్యాడ్జి లాకర్లో వదిలేసేవారు, తెలిసి కూడా చేయి కిరణంలో ఉంచేవారు, తెలిసి కూడా మోతాదు రాయనివారు ఆ అప్పును ఎగ్గొడుతున్నారు. దాన్ని తీర్చే దారి ఒక్కటే. ప్రతి ఆసుపత్రిలో, ప్రతి స్క్రీనింగ్ తరువాత, ఆ కేసు షీటు మీద ఎంతసేపు, ఎంత మోతాదు అనే రెండు అంకెలు పడాలి. వాటి కింద ఒకరు సంతకం పెట్టాలి. ఆ రెండు అంకెలు లేని కేసు షీటును పూర్తయినదిగా ఏ ఆసుపత్రీ ఒప్పుకోకూడదు.